అమరేశ్వరుని శిఖరాన గణపాంబ నిలిపిన కలశం

(కార్తిక మాసంలో లేపాక్షి శ్రీ వీరభద్రస్వామి సన్నిధికి వచ్చిన యాత్రికుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ కూర్మశైలం ఎక్కి స్వామిని దర్శించుకొని వచ్చినవారు నాట్యమండపంలో ఒక్క క్షణమైనా తలయెత్తి పైకప్పు చూసే ఉంటారు. అక్కడ పార్వతీదేవి అలంకరణ ఉంది, కల్యాణం ఉంది. ద్రౌపదీ స్వయంవరం ఉంది. ఆలయం వెనుకవైపు వెళితే, పైకప్పు లేకుండా ఆకాశం కింద నిలిచిన కల్యాణమండపం ఉంది. పెళ్లికి వచ్చిన దేవతలు, మహర్షులు, కన్యాదాతలైన హిమవంతుడూ మేనాదేవీ స్తంభాల మీద నిలబడే ఉన్నారు. ఇంకొంచెం పక్కకు నడిస్తే ఎప్పుడూ తడి ఆరని పాదముద్ర ఒకటి కనబడుతుంది. అది సీతమ్మ పాదమని మన పెద్దలు చెప్పుకొంటూ వస్తున్నారు.

పార్వతి పర్వతరాజు కూతురు. ద్రౌపది పాంచాలరాజు కూతురు. సీతమ్మ జనకమహారాజు కూతురు. ముగ్గురూ రాచబిడ్డలే. ముగ్గురూ అంతఃపురం విడిచి ఎండలో, రాళ్లలో నడిచినవారే. పార్వతీదేవి ఆకులు సైతం తినక తపస్సు చేసి అపర్ణ అయింది. రాజగృహంలో పుట్టి భక్తిమార్గం పట్టిన స్త్రీని గురించి మాట్లాడమని ఈ ధర్మకర్తలు నన్ను ఆదేశించినప్పుడు, అందుకు లేపాక్షి కంటె తగిన చోటు లేదనిపించింది.

అయితే నేను పురాణస్త్రీని గురించి చెప్పబోవడం లేదు. చరిత్రలో జీవించి, నవ్వి, ఏడ్చి, రాతి మీద తన మాట చెక్కించిపోయిన ఒక తెలుగు రాణిని గురించి చెబుతాను. ఆమె పేరు గణపాంబ. గణపమదేవి అని కూడా అంటారు. కాకతి గణపతిదేవ చక్రవర్తి కుమార్తె. రుద్రమదేవికి తోబుట్టువు.

ఈ గుడి అచ్యుతదేవరాయల కాలంలో వెలిసింది కదా, ఆయన దేవేరి వరదాంబికను గురించి చెప్పరాదా అని ఒక మిత్రుడు నన్ను అడిగాడు. మంచి ప్రశ్నే. తిరుమల ఆలయంలో అచ్యుతరాయలూ వరదాంబికా చేతులు జోడించి నిలిచిన శిలాప్రతిమలను మీలో చాలామంది చూసి ఉంటారు. ఆ తల్లి భక్తి తక్కువదని నేననను. కాని ఆమె భర్త పక్కన నిలబడి మొక్కింది. గణపాంబ భర్త పోయిన తరువాత ఒంటరిగా నిలబడి మొక్కింది. నాకు ఈనాడు ఆ ఒంటరి మొక్కును గురించే చెప్పాలని ఉంది. ఎందుకో చివరకు మీకే తెలుస్తుంది.

ఇక ఈ మెట్టసీమ నుంచి మిమ్మల్ని కృష్ణాతీరానికి తీసుకొనిపోతాను.

గుంటూరు జిల్లాలో యనమదల అని ఒక గ్రామం. అక్కడ ఒక శిలాస్తంభం మీద సంస్కృత శ్లోకాలలో ఒక శాసనం ఉంది. హుల్ష్ అనే జర్మన్ పండితుడు దానిని చదివి ‘ఎపిగ్రాఫియా ఇండికా’ మూడవ సంపుటంలో ప్రకటించాడు. 13వ శతాబ్ది మధ్యకాలం నాటిది. గణపాంబను గురించి మనకు తెలిసినదానిలో పెద్దభాగం ఆ రాయి చెప్పినదే. ఒక స్త్రీ జీవితం యావత్తూ ఒక రాతి స్తంభంలో ఇమిడిపోయింది. ఆ రాయి ఆమె అందాన్ని గురించో ఆభరణాలను గురించో తలచుకొని ఆగిపోలేదు. ఆమె చేసిన పనిని చెప్పింది.

ముందుగా ఆమె పుట్టింటి సంగతి. గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా, అంటే అరవై యేళ్లకు పైగా ఓరుగల్లు సింహాసనం మీద ఉన్నాడు. తెలంగాణమూ కోస్తా తీరమూ ఒక్క గొడుగు కిందికి తెచ్చినవాడు. మోటుపల్లి రేవుకు వచ్చే వర్తకులకు 1244లో అభయశాసనం ఇచ్చినవాడు. కత్తితో గెలిచిన నేలను చుట్టరికంతో నిలుపుకోవడం ఆయన పద్ధతి. దివిసీమను గెలిచి ఆ వంశపు ఆడపడుచులను తాను పెళ్లాడాడు. వారి సోదరుడు జాయపను గజసైన్యాధిపతిని చేశాడు. ఆయనకు కొడుకులు లేరు. రుద్రమను నిడదవోలు చాళుక్య వంశీయుడైన వీరభద్రునికి ఇచ్చాడు. గణపాంబను ధరణికోట ప్రభువైన కోట బేతరాజుకు ఇచ్చాడు. ఓరుగల్లు కోటలో పెరిగిన పిల్ల కృష్ణ ఒడ్డుకు కోడలిగా వచ్చింది. రాజకీయం కోసం చేసిన పెళ్లి అని చరిత్రకారులు ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. ఆ పిల్ల మనసులో ఏముండెనో ఏ శాసనమూ చెప్పదు. కాని భర్త పోయిన తరువాత ఆమె చేసిన పని చూస్తే, ఆ పెళ్లి ఒట్టి రాజకీయం కాదని నాకు తోస్తుంది.

ధరణికోట ఏ ఊరో మీకు తెలుసు. అమరావతి పక్కనే. ధాన్యకటకమని దాని ప్రాచీన నామం. శాతవాహనులు ఏలిన పట్టణం, బౌద్ధ మహాచైత్యం వెలసిన చోటు, పంచారామాలలో ఒకటైన అమరారామం ఉన్న క్షేత్రం. అక్కడి అమరేశ్వరస్వామి లింగం ఎంత ఎత్తయినదంటే అర్చకులు పై అంతస్తు నుంచి అభిషేకం చేస్తారు. కోట వంశపు రాజులు తాము అమరేశ్వరుని పాదపద్మాలను ఆరాధించేవారమని తమ బిరుదావళిలోనే చెప్పుకొన్నారు. ఈ వంశంలో బేతరాజుకు పూర్వుడైన కేతరాజు 1182లో అమరేశ్వరునికి దానాలు చేయడమే కాక, ధాన్యకటకంలోని బుద్ధదేవునికి కూడా గ్రామాలూ అఖండదీపాలూ సమర్పించాడు. తన దేవుడు తనకు ఎంతటివాడో పక్కవాని దేవుడు పక్కవానికి అంతటివాడని తెలిసిన ఇల్లు అది. గణపాంబ అటువంటి ఇంట దీపం పెట్టింది.

తరువాత బేతరాజు కాలధర్మం చెందాడు.

ఇక్కడ మనకు ఒక అలవాటు ఉంది. రాణి భక్తురాలైందంటే, నగలు తీసివేసి, కోట విడిచి, ఏకతార పట్టుకొని వెళ్లిపోయిందని ఊహించుకొంటాము. మీరాబాయి కథ అటువంటిది. మన ఎల్లకు అవతలి కన్నడ దేశంలో పుట్టిన అక్కమహాదేవి రాజసౌధాన్ని త్యజించి శ్రీశైలం చేరి కదళీవనంలో మల్లికార్జునునిలో లీనమైందని చెబుతారు. ఈ హిందూపురం ప్రాంతంలో ఆ తల్లిని తలచుకోని వీరశైవుల ఇల్లు ఉండదు. ఆ త్యాగానికి శతసహస్ర నమస్కారాలు. కాని అందరూ అలా వెళ్లిపోలేరు. పిల్లలున్నవారు, పొలమున్నవారు, బాధ్యతలున్నవారు ఎక్కడికి వెళ్లగలరు? మీరంతా ఈ సాయంత్రం దర్శనం చేసుకొని రేపు ఉదయానికి ఇళ్లకు చేరవలసినవారే.

గణపాంబ కూడా వెళ్లిపోలేదు. ధరణికోటలోనే ఉండి, భర్త ఏలిన నేలను తానే ఏలింది. సహగమనమూ చేయలేదు, చీకటి గదిలో కూర్చోనూ లేదు. ఆ తరువాత ఆమె చేసిన మూడు పనులను యనమదల శాసనం చెబుతుంది. ధాన్యకటకంలో అమరేశ్వరుని ఆలయ శిఖరం మీద బంగారు కలశాలు నిలిపింది. ఆ క్షేత్రంలోనే భర్త పేరిట బేతేశ్వరుణ్ణి ప్రతిష్ఠించి గుడి కట్టించింది. యనమదలలో తండ్రి పేరిట గణపేశ్వరాలయం కట్టించింది.

ఈ మూడింటిలో మొదటిదాని దగ్గర నేను కొంచెంసేపు ఆగుతాను. మీకు విసుగైతే క్షమించండి.

భర్త పేరిట గుడి కట్టడం మనకు అర్థమవుతుంది. తండ్రి పేరిట గుడి కట్టడమూ అర్థమవుతుంది. మరి కలశం? ఆలయానికి కలశం ఏమిటో మీకు చెప్పనక్కరలేదు. గర్భాలయంలో స్వామి ఎట్లాగో, శిఖరాన కలశం అట్లాగు. లోపలికి రాలేనివాడు దూరాన పొలంలో నిలబడి కలశానికే దండం పెట్టుకొంటాడు. మన ఇళ్లలోనైనా పూర్ణకుంభం కంటె మంగళకరమైన వస్తువు ఇంకొకటి లేదు. పెళ్లికి కలశం, గృహప్రవేశానికి కలశం, వ్రతానికి కలశం. అంతటి మంగళద్రవ్యాన్ని, అందులోనూ ఆ నేల ప్రభువుల కులదైవమైన అమరేశ్వరుని గోపురం మీద, భర్త పోయిన స్త్రీ నిలిపింది. కాదనవలసినవారు ఆ కాలంలో కాదనలేదు. పైగా ఆ విషయాన్ని పండితుడు శ్లోకంగా కూర్చాడు, శిల్పి రాతిలో చెక్కాడు. ఏడున్నర శతాబ్దాలు దాటినా ఆ రాయి ఆ మాట చెబుతూనే ఉంది.

ఆమె రాణి గనుక కాదనలేదు, పేదరాలైతే ఊరుకొనేవారా అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. అధికారం ఉన్నచోట అభ్యంతరాలు మెత్తబడతాయన్నది లోకమంతటా కనబడేదే. కాని ఒకటి గమనించండి. అధికారం ఉన్న రాణి ఇంకెంత సులువైన దానమైనా చేయగలదు. గర్భగుడిలో ఎవరికీ కనబడని వెండిపళ్లెం ఇచ్చి ఊరుకోవచ్చు. ఆమె ఊరందరికీ, ఏటి మీద పోయే పడవలకూ కనబడే చోటును ఎంచుకొంది.

రెండవ సంగతి పేర్లు. ఒక గుడికి భర్త పేరు, ఒక గుడికి తండ్రి పేరు. తన పేరు ఎక్కడ? మొదట చదివినప్పుడు నాకు కొంచెం బాధ వేసింది. మన ఆడవాళ్లు ఇంతే కదా, కష్టం తమది, పేరు మగవాళ్లది అనుకొన్నాను. తరువాత తట్టింది. తండ్రి గణపతి, కూతురు గణపాంబ. గణపేశ్వరం అంటే ఇద్దరి పేరూ అందులో ఉన్నట్టే. ఆమె అలా తలచిందో లేదో శాసనం చెప్పదు. ఇది నా ఊహ మాత్రమే. అయినా గణపేశ్వరుడని పిలిచిన ప్రతిసారీ ఆ కూతురి పేరు కూడా స్వామి చెవిని పడుతుందన్న ఊహ నాకు ఇష్టం.

ఇప్పుడు దాతలైన మీతో ప్రత్యేకంగా ఒక మాట.

గుడి కట్టడం ఒక పని, గుడిలో దీపం నిలపడం ఇంకొక పని. ఆ కాలపు రాజులకూ రాణులకూ ఈ తేడా బాగా తెలుసు. కాకతీయుల కాలపు శాసనాలు, అంతకు ముందటి ద్రాక్షారామం, బాపట్ల శాసనాలు చూడండి. ఒక అఖండదీపం పెట్టాలంటే డబ్బు ఇచ్చి వెళ్లిపోయేవారు కారు. సాధారణంగా 50 గొర్రెలనో 25 ఆవులనో ఇచ్చేవారు. వాటిని బోయలకు అప్పగించేవారు. ఆ బోయడూ అతని సంతతీ ఆ మందను పెంచుకొంటూ నిత్యం మానెడు నెయ్యి గుడికి కొలవాలి. మంద పెరిగితే పెరుగుదల వారిది. దీపం మాత్రం ఆగరాదు. గొర్రెలూ మనుషులూ కలిసి బతికే ఈ అనంతపురం సీమవారికి ఈ లెక్క ఇట్టే తెలుస్తుంది. కాపరి బతికితే మంద బతుకుతుంది, మంద బతికితే దీపం బతుకుతుంది. దేవునికిచ్చిన దానం ముందుగా ఒక మనిషి కడుపు నింపి, ఆ తరువాత ప్రమిదలోకి చేరేది.

అంతే కాదు, మన శాసనాల చివర వచ్చే హెచ్చరికలు మీరు వినే ఉంటారు. దానాన్ని హరించినవానికి కలిగే పాపాలన్నీ చెప్పి, వెంటనే ఒక మంచి మాట కూడా చెబుతారు. తాను ఇచ్చిన దానికంటె, ఇతరులు ఇచ్చినదాన్ని కాపాడటం వలన వచ్చే పుణ్యం ఎక్కువ అని. దాత చనిపోతాడు. చక్రవర్తులు చనిపోతారు. కాకతీయ సామ్రాజ్యం 1323లో పోయింది. వెనుక మిగిలేది ఎవరో ముక్కూ మొహమూ తెలియని కాపరి నెయ్యి కొలవడం, ఎవరో అర్చకుడు వత్తి సవరించడం.

మన లేపాక్షి సంగతే తీసుకోండి. విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు 1530 ప్రాంతంలో ఈ ఆలయాన్ని విస్తరింపజేశారు. పెనుగొండ ఖజానా ధనాన్ని రాజు అనుమతి లేకుండా గుడికి ఖర్చుపెట్టాడని విరూపణ్ణ మీద నింద వచ్చిందనీ, కళ్లు తీయించమని రాజాజ్ఞ వెలువడక ముందే తానే తన కళ్లు పీకి గోడకు కొట్టుకొన్నాడనీ కథ. ఆ గోడ మీది ఎర్రని మరకలను చూపించని మార్గదర్శి ఇక్కడ లేడు. కథ నిజమో కాదో నేను విచారించను. కాని ఆ కథ అడిగే ప్రశ్న గట్టిది. దేవునికి ఇచ్చింది ఎవరి సొమ్ము? గణపాంబ విషయంలో ఆ ప్రశ్న రాదు. ఏలిక ఆమెది, సొమ్ము ఆమెది, దుఃఖమూ ఆమెదే.

ఆమె చుట్టూ అప్పుడున్న గాలి ఎటువంటిదో కూడా చెప్పాలి. గణపతిదేవునికి విశ్వేశ్వర శివాచార్యులు దీక్షాగురువు. ఆయన గోళకీమఠం అనే శైవ సంప్రదాయానికి చెందినవారు. నర్మదాతీరపు డాహల దేశం నుంచి వచ్చిన ఆ సంప్రదాయం ఆంధ్రదేశంలో శ్రీశైలం, త్రిపురాంతకం, మన కడప దగ్గరి పుష్పగిరి వంటి చోట్ల వేళ్లూనింది. మందడం గ్రామాన్ని గణపతిదేవుడు ఆ గురువుకు ఇస్తానన్నాడు. వెలగపూడిని కూడా కలిపి రుద్రమదేవి ఆ దానాన్ని నెరవేర్చింది. ఇప్పటి రాష్ట్ర సచివాలయం ఉన్న వెలగపూడే అది. ఈ సంగతులన్నీ 1261 నాటి మల్కాపురం శాసనంలో ఉన్నాయి.

తల్లులారా, ఆ శాసనం చెప్పిన పంపకం కొంచెం శ్రద్ధగా వినండి. ఊరి భూమిని మూడు పాళ్లు చేశారు. ఒక పాలు శివునికి. ఒక పాలు విద్యార్థులకూ శైవమఠానికీ. మూడవ పాలు ప్రసూతిశాలకూ, ఆరోగ్యశాలకూ, విప్రసత్రానికీ. ప్రసూతిశాల! అంటే కాన్పుల ఆసుపత్రి. ఏడున్నర శతాబ్దాలకు పూర్వం, ఒక శివభక్తుడు తనకు దానంగా వచ్చిన భూమిలో పురుడు పోసుకొనే తల్లికి భాగం పెట్టాడు. అక్కడి అన్నసత్రంలో బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు ఎవరు వచ్చినా, ఎప్పుడు వచ్చినా అన్నం పెట్టాలని నియమం చేశాడు. ఆ దానాన్ని చేతుల మీదుగా జరిపించింది గణపాంబ తోబుట్టువు. ఒక సోదరి కలశం నిలిపిన సీమలోనే ఇంకొక సోదరి ఇచ్చిన భూమిలో పిల్లలు పుట్టారు.

ఈ ఇంటి ఆడవాళ్ల పద్ధతే అది కాబోలు. గణపతిదేవుని చెల్లెలు మైలాంబ, నతవాడి రుద్రుని భార్య, బయ్యారంలో ధర్మకీర్తి సముద్రమనే చెరువు తవ్వించింది. ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోని ఆ చెరువు నేటికీ నీళ్లు ఇస్తోంది. అక్కడ ఆమె వేయించిన శాసనమే కాకతీయ వంశవృక్షానికి ముఖ్యాధారం. అంటే చక్రవర్తుల తాతముత్తాతల పేర్లు మనకు తెలియజెప్పింది ఒక ఆడపడుచు కట్టించిన చెరువుగట్టు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొనే ఈ గడ్డ మీద కూర్చొని, చెరువు తవ్వించడం భక్తి ఎట్లా అవుతుందని ఎవరూ నన్ను అడగరు. ఇక్కడ నిండిన చెరువుకు కూడా హారతి ఇస్తాము.

రుద్రమదేవిని గురించి మీకు చెప్పనక్కరలేదు. పురుషనామంతో రుద్రదేవ మహారాజుగా సింహాసనమెక్కి, కాయస్థ అంబదేవుని వంటివారితో తలపడి, 1289లో కన్నుమూసింది. చందుపట్ల శాసనం ఆమె శివలోకం చేరాలని కోరుతూ ఒక సేవకుడు చేసిన భూదానాన్ని చెబుతుంది. అక్క ఎవరో చెల్లెలు ఎవరో గాని, ఒకరు కత్తి పట్టారు, ఒకరు కలశం పట్టారు. సినిమాలు, నాటకాలు, విగ్రహాలు కత్తి పట్టినామెకు వచ్చాయి. రెండవ ఆమె పేరు ఇప్పుడు నేను చెప్పేదాకా మీలో ఎందరు విన్నారు? సిగ్గుపడనవసరం లేదు. పాతికేళ్లు పిల్లలకు తెలుగు చెప్పిన నేను కూడా మొన్నమొన్నటి దాకా వినలేదు.

ఎలా విన్నానో చెప్పి ముగిస్తాను. ఇది నాకు గౌరవం తెచ్చే కథ కాదు.

కొన్నేళ్ల కిందట కార్తిక సోమవారం నాడు ఒక క్షేత్రంలో దీపోత్సవం జరుగుతున్నది. ఏ క్షేత్రమన్నది ఇక్కడ అవసరం లేదు. దాతల పేర్లు చదివి, ఒక్కొక్కరి చేత పెద్ద ప్రమిద వెలిగించే బాధ్యత పెద్దలు నాకు అప్పగించారు. వరుసలో ఒక తల్లి వచ్చింది. గొర్రెలు కాచుకొనే ఇల్లు. ఆ యేడే భర్త పోయాడు. రెండు పొట్టేళ్లు అమ్మగా వచ్చిన డబ్బును కొంగున ముడివేసి తెచ్చింది. భర్త పేర నెలంతా దీపం పెట్టాలని ఆమె కోరిక. రసీదు రాయించుకొంది. ప్రమిదల దగ్గరకు రాగానే ఆగిపోయి, పక్కకు జరిగి, స్తంభం చాటుకు నిలబడింది.

“అయివారూ, నేను ముట్టించొచ్చునా? పిల్లోని చేత ముట్టించల్లా?” అని అడిగింది.

పిల్లవాడికి ఎనిమిదేళ్లుంటాయి. నిద్రమత్తులో తూగుతున్నాడు. నా వెనుక వరుసలో ఉన్నవారు మెల్లగా దగ్గారు. ఆ దగ్గులకు అర్థం నాకు తెలుసు. నేను ఎక్కువ ఆలోచించలేదు. “పిల్లవానితోనే పెట్టించమ్మా, అదే బాగుంటుంది” అన్నాను. ఆమె ఏమీ అనలేదు. కొడుకు చెయ్యి పట్టుకొని తీసుకొచ్చింది. వాడి చెయ్యి అందక నేను ఎత్తి పట్టుకొన్నాను. దీపం వెలిగింది. ఆమె స్తంభం చాటు నుంచే దండం పెట్టుకొని, పక్కనున్న ఆమె బొట్టు పెట్టుకోబోతూ కుంకుమభరిణ చాపితే తల అడ్డంగా ఊపి వెళ్లిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి. పట్టింది. కాని ఆ తరువాత చాలా రోజులు, ఏ గుడికి పోయినా స్తంభం చాటున ఎవరైనా ఉన్నారా అని చూడటం అలవాటైంది. ఉంటారు. మీరూ చూడండి, ఉంటారు. తమ డబ్బు గుడిలోకి వెళుతుంది, తాము వెళ్లరు. శాస్త్రం ఏమంటున్నదని ఆ తరువాత పండితులను అడిగాను. ఒకరు ఒకటి చెప్పారు, ఇంకొకరు ఇంకొకటి చెప్పారు. ఆ వాదంలోకి దిగే అర్హత నాకు లేదు. నేను పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి. నాకు తెలిసిన దారి పుస్తకాలు వెదకడం. వెదకగా వెదకగా, శాసనాల సంపుటిలో యనమదల రాయి దొరికింది. భర్త పోయిన స్త్రీ అమరేశ్వరుని శిఖరాన బంగారు కలశం నిలిపినదన్న వాక్యం చదివి, పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. ఎనిమిదేళ్ల పిల్లవాణ్ణి ఎత్తి పట్టుకొన్న నా చేతులు గుర్తుకొచ్చాయి.

ఈ మధ్య అమరావతి వెళ్లాను. కృష్ణలో స్నానం చేసి పై అంతస్తులో అభిషేకం చూసి బయటికి వచ్చి శిఖరం కేసి చూశాను. ఆ గుడి ఎన్నోసార్లు బాగుపడింది. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు గారు అమరావతిని తమ రాజధానిగా చేసుకొన్నప్పుడు ఆలయాన్ని ఎంతగానో అభివృద్ధి చేశారు. గణపాంబ పెట్టిన బంగారం కోసం నేను వెదకలేదు. ఎండలో కలశం మెరుస్తున్నది. గుడి ముందు పూలమ్ముకొనే ముసలమ్మ నుదుట బొట్టు లేదు. ఆమె కూర్చున్న చోటి నుంచే తలెత్తి రెండు చేతులూ జోడించింది.

ఆ గొర్రెలకాపరి తల్లి ఊరు కనుక్కొన్నాను. ఇక్కడికి ఇరవై కిలోమీటర్లు కూడా ఉండదు. పోయిన నెల వాళ్ల ఊరివాడొకడు కనిపిస్తే కబురు పంపాను, ఈ కార్తికంలో చివరి సోమవారం నాడు లేపాక్షికి రమ్మని, దీపం సంగతి మాట్లాడాలని. వస్తానని చెప్పిందట. పిల్లవాడు ఇప్పుడు పెద్ద బడికి పోతున్నాడట, వాణ్ణి కూడా తీసుకొస్తుందట.

మీలో ఈ సోమవారం దాకా ఉండేవారు ఎవరైనా ఉంటే, సాయంకాలం ఆరుగంటలకు నంది దగ్గరకు రండి. ఈసారి ప్రమిద ఆ తల్లి చేతికే ఇస్తాను. వెనుక ఎవరైనా దగ్గితే, వారికి చెప్పడానికి నా దగ్గర ఇప్పుడు ఒక రాణి పేరు ఉంది.